మెరుగుపడిన వైఫల్యం

స్వాన్ నారోస్, మిన్నెసోటా
నవంబర్ 9

బోర్గిల్డ్ అక్కకి,

ఈ ఉత్తరం రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రాయాల్సినంత విషయం ఏముందని? కాగితం తీసి బల్ల మీద పెట్టి, కాఫీ పెట్టుకుని, తాగి, కాగితాన్ని మళ్ళీ సొరుగులో పడేశాను కూడా. కానీ ఆ సొరుగు నాన్న చేసింది కదా, ఓ పట్టాన మూతపడదు. మూయడానికి మళ్ళీ లాగాల్సి వచ్చింది. లాగితే కాగితం మొహంలోకి చూసింది. చూశాక కూడా రాయకపోతే బాగుండదు.

ఇక్కడ అంతా ఫరవాలేదు. సరస్సు అంచులు గట్టిపడ్డాయి. పక్కింటి ఎల్డన్ అప్పుడే మంచు మీద పెట్టుకుని చేపలు పట్టే గుడిసెకి రంగు వేస్తున్నాడు, చేపలు రంగు చూసి వస్తాయన్నట్టు.

మన ఊరి డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఇది కాస్త వేరుగా ఉందే" అన్నాడు. నువ్వు వెళ్ళి యాభై ఏళ్ళయినా ఈ మాట మర్చిపోయి ఉండవు. కొట్టం కాలిపోతుంటే చూసి మనవాళ్ళు అనే మాట అది. అందుకని డులూత్‌లో గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. డాక్టర్ థిబొడో అని, లూసియానా నుంచి వచ్చినావిడ. మంచి మనిషి. నా గుండెని తెర మీద చూపించింది. చూడ్డానికి చిక్కంలో పడ్డ చేపలా ఉంది.

రక్తం బయటికి పోయే కవాటం ఇరుకైపోయిందట. దానికి వీళ్ళ దగ్గర మూడే మాటలున్నాయి: కొంచెం, మధ్యస్థం, తీవ్రం. నాది తీవ్రం. నలభై ఏళ్ళు కౌంటీవాళ్ళ మంచు తోసే బండి నడిపాను, ఇళ్ళు కప్పుల దాకా మునిగిన తుఫాన్లు చూశాను, తీవ్రం అన్న మాట ఎవరి నోటా వినలేదు. "కాస్త పడినట్టుంది" అనేవాళ్ళం. అందుకని ఆవిడ లెక్కలోంచి లూసియానా వాళ్ళ అతి తీసేస్తే నాది మధ్యస్థం కింద వస్తుందని అంచనా వేశాను.

అంతటితో ఊరుకోలేదు. ఆ ఇరుకు వల్ల గుండె అలిసిపోయిందని, దాన్ని గుండె వైఫల్యం అంటారని చెప్పింది. ఒక చిన్న పుస్తకం కూడా ఇచ్చింది. అందులో మొదటి వాక్యం ఏమిటో తెలుసా? "గుండె వైఫల్యం అంటే మీ గుండె విఫలమైందని అర్థం కాదు." మరి ఆ అర్థం కానప్పుడు ఆ పేరెందుకు? కుక్కకి పులి అని పేరు పెట్టి, గేటుకి "ఇది పులి కాదు" అని బోర్డు కట్టినట్టుంది. డెబ్భై ఎనిమిదేళ్ళు ఒక్క ఆదివారం సెలవు తీసుకోకుండా కొట్టుకున్న పనివాడికి చివరికిచ్చిన బిరుదు అది.

కొత్త కవాటం వేయొచ్చట. ఛాతీ కోయక్కర్లేదు, తొడ దగ్గర రక్తనాళం గుండా పంపిస్తారట. "వేయించుకుంటారా?" అని అడిగింది.

"అయ్యో, నా కోసం అంత శ్రమ ఎందుకండీ" అన్నాను, అనాల్సినట్టే.

"సరే, మీ ఇష్టం" అని రాసేసుకుంది.

రెండోసారి అడుగుతుందేమోనని కోటు తొడుక్కోవడం ఆలస్యం చేశాను. బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకున్నాను. ఆవిడ చెయ్యి కలిపి, దారి జారుతుంది జాగ్రత్త అంది. ఏప్రిల్‌లో రమ్మంది. అప్పుడు అడుగుతుందిలే.

నీ తమ్ముడు
ఓడ్విన్

*

బ్రూక్లిన్
నవంబర్ 20

ఒరేయ్ ఓడ్విన్,

నీ ఉత్తరం చదివి నేను అరిచిన అరుపుకి కింద కూరగాయల కొట్టువాడు పైకొచ్చి, ఎవరు పోయారమ్మా అని అడిగాడు. ఇంకా ఎవరూ పోలేదు, కానీ మా తమ్ముడు మర్యాదగా ప్రయత్నిస్తున్నాడు అని చెప్పాను.

గుండెలోకి కవాటం ఇస్తానంటే వద్దన్నావా? అది ఎల్డన్ పెళ్ళాం మార్డెల్ పెట్టే నిమ్మకాయ కేకు అనుకున్నావా? మన ఊళ్ళో మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి "సరే, చిన్న ముక్క" అనాలి. నాకూ తెలుసు. ఆ పాలు తాగే పెరిగాను. కానీ నేనిక్కడికి వచ్చిన కొత్తలో, ఆరో నెల కడుపుతో ఉన్నప్పుడు, రైల్లో ఒకాయన లేచి సీటిస్తానన్నాడు. ఫరవాలేదండీ అన్నాను. వాడు కూర్చున్నాడు. కూర్చుని పేపరు విప్పాడు! చివరి స్టేషన్ కోనీ ఐలండ్ దాకా నిలబడ్డాను. ఆ రోజు తెలుసుకున్నాను, ప్రపంచంలో మిగతా జనానికి మొదటి మాటే మాట అని.

నీ లూసియానా డాక్టరు కూడా ఆ ప్రపంచంలో మనిషే. నువ్వు బొత్తాలు ఎంత మెల్లగా పెట్టుకున్నా ఆవిడకి అర్థం కాదు. "రోగి వద్దన్నాడు" అని రాసుకుని ఉంటుంది. ఏప్రిల్‌లో నిన్నేమీ అడగదు. ఏప్రిల్‌కి నువ్వుంటే కదా అడగడానికి!

మా ఆయన్ని చూడు. కార్మైన్‌కి పన్ను సలిపితే చివరి ప్రార్థనకి ఫాదర్ని పిలవమంటాడు. పోయిన వారం జలుబు చేస్తే అల్లుడికి తన చేతిగడియారం ఇచ్చేశాడు. సోమవారానికి తగ్గింది, గడియారం వెనక్కి అడగలేక ఇప్పుడు టైమెంతని నన్నడుగుతున్నాడు. నవ్వుకో. కానీ ఆయన మూలిగితే డాక్టర్లు పరిగెడతారు. నువ్వు ఫరవాలేదంటే వాళ్ళు ఫరవాలేదనే రాసుకుంటారు.

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేసి, కవాటం కావాలి అని చెప్పు. రెండు మాటలు. నీ నోరు పడిపోదు.

ఇంకోటి. నువ్వు నిజంగా ఎలా ఉన్నావో రాయి. సరస్సు సంగతి అక్కర్లేదు.

బోర్గిల్డ్

*

స్వాన్ నారోస్
డిసెంబర్ 12

అక్కకి,

ఫోన్ దగ్గరికి వెళ్ళాను. చేతిలోకి కూడా తీసుకున్నాను. కానీ ఏమని చెప్పను? వద్దన్నవాణ్ణి ఇప్పుడు కావాలంటే, ఆ ఫోనెత్తే అమ్మాయి ఏమనుకుంటుంది? పెళ్ళివిందులో పళ్ళెం ముందు నుంచి పోయాక వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసినట్టుంటుంది.

పోనీ విషయం కాస్త తెలుసుకుందామని నా విజ్ఞాన సర్వస్వం తీశాను. నీకు గుర్తుందో లేదో, కిరాణా కొట్టువాడు వారానికో సంపుటం అమ్మేవాడు. నా చదువంతా దాంట్లోదే. గుండె, అంటే హార్ట్, ఉండాల్సిన 'హెచ్' అక్షరం సంపుటం వచ్చిన వారం దారులు మూసుకుపోయాయి. నేను ఊళ్ళోవాళ్ళందరికీ దారి తోసి కొట్టుకి వెళ్ళేసరికి అది అయిపోయింది. గ్రీన్‌లాండ్ గురించి ఏమైనా అడుగు, చెబుతాను. ఐర్లాండ్ కూడా. ఆ రెంటి మధ్య ఉన్నవేవీ నాకు తెలియవు. గుండె, గుర్రం, హంగరీ, మూడూ అందులోనే పోయాయి.

ఊళ్ళో ఏం చెప్పాలన్నది ఇంకో చిక్కు. చర్చి నేలమాళిగలో కాఫీ దగ్గర డాక్టరేమందని అడిగారు. వైఫల్యం అని చెబితే కాఫీ గొంతు దిగుతుందా ఎవరికైనా? పదిమందిలో అనే మాటేనా అది? అందుకని, "లోపల ఒక తలుపు బందు కాస్త బిగిసిందట" అన్నాను. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎల్డన్ అయితే, "ఓస్ అంతేనా! మా గరాజు తలుపూ అంతే, చలికాలం" అని, చేపల గుడిసె సరస్సు మీదికి లాగడానికి సాయం పట్టమన్నాడు. తలుపు బందు బిగిసినవాడు గుడిసె లాగలేననడం ఎలా? పట్టాను. మధ్యలో నాలుగైదుసార్లు ఆగి మబ్బులు చూశాను. ఎల్డన్ కూడా ఆగి చూశాడు. మంచి మబ్బులే.

నిజంగా ఎలా ఉన్నావని అడిగావు. ఫరవాలేదు. ఈ మధ్య కుర్చీలోనే నిద్రపోతున్నాను, పొయ్యికి దగ్గరగా వెచ్చగా ఉంటుంది. పై గదికి పోవడం మానేశాను, అక్కడ పనేముంది గనక. బూట్లు కాస్త బిగుతయ్యాయి. పాత తోలు కదా, ముడుచుకుంటుంది.

పండక్కి చేపలు పంపనా?

ఓడ్విన్

*

బ్రూక్లిన్
జనవరి 4

ఓడ్విన్,

చేపలు వద్దు. నేను బ్రూక్లిన్ దాన్ని, వద్దంటే వద్దే.

నీ ఉత్తరం కార్మైన్‌కి చదివి వినిపించాను. మబ్బుల దగ్గర నవ్వాడు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేశాడు. ఆయన అన్నయ్య పోయే ముందు చలికాలమంతా కుర్చీలోనే పడుకున్నాడు. పడుకుంటే ఊపిరాడక. వాళ్ళింట్లో పొయ్యి లేదు ఓడ్విన్, చెప్పుకోవడానికి ఆ సాకు కూడా లేదు. బూట్లు ముడుచుకోలేదు. నీ కాళ్ళు వాచాయి.

డాక్టరు మాట మోటుగా ఉందని నువ్వు నీ మెత్తని మాట పెట్టుకున్నావు. దాని ఫలితం చూశావా? ఎల్డన్ నీ మెడకి తాడు కట్టాడు. తప్పు వాడిది కాదు. మోటు మాట నీ మనసు నొప్పించింది, నిజమే. మెత్తని మాట మనిషినే తినేస్తుంది.

ఇంకో సంగతి చెబుతాను, కోపం తెచ్చుకోకు. మన ఇంట్లో కేకు వద్దన్నప్పుడు నీ కళ్ళు పళ్ళెం మీదే ఉండేవి. ఇప్పుడు చూస్తే నువ్వు గ్రీన్‌లాండ్ వైపు చూస్తున్నావు. నీది మొహమాటం ఒక్కటే కాదురా. భయం.

బోర్గిల్డ్

*

స్వాన్ నారోస్
ఫిబ్రవరి 26

అక్కకి,

జవాబు ఆలస్యమైంది. కలం ఎక్కడో పడేసుకున్నాను. నిజానికి జేబులోనే ఉంది.

గుడిసెలు మార్చిలో గడువు లోపల సరస్సు మీంచి తీసేయాలి కదా. ఎల్డన్ ఈసారి తొందరపడ్డాడు. మొన్న ఇద్దరం లాగుతుంటే నేను మంచు మీద కాసేపు కూర్చున్నాను. కూర్చున్నాను అంటే, వెల్లకిలా. ఎంతసేపో నాకు తెలీదు. కళ్ళు తెరిచేసరికి ఎల్డన్ నా మీదికి వంగి ఉన్నాడు. వాడి టోపీ నా తల కింద ఉంది.

"ఏరా, బాగానే ఉన్నావా?"

"ఫరవాలేదు."

"సరే" అన్నాడు. లేచి తాడు పట్టుకున్నాడు. మళ్ళీ నా వైపు చూశాడు. తాడు వదిలేశాడు. "మా గరాజు తలుపు ఎప్పుడూ ఇలా పడిపోలేదు" అన్నాడు.

నన్ను మంచు మీద లాగే స్లెడ్డు బండి మీద కూర్చోబెట్టి ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఇంటి దగ్గర దింపి, "నీకేమైనా అయితే మార్డెల్ నన్నంటుంది" అన్నాడు. అరవై ఏళ్ళ స్నేహంలో వాడు నాతో అన్న అన్నిటికంటే ప్రేమగల మాట అది. ఇద్దరికీ ఎటు చూడాలో తెలీలేదు. సరస్సు వైపు చూశాం.

భయం అన్నావు. ఆ ముక్క మీద రెండు నెలలు ఆలోచించాను. మంచు తోసే బండి మీద మొదటి చలికాలం, పాత డ్రైవరు నాకొకటి నేర్పాడు. ఎదురుగా ఏమీ కనపడనప్పుడు బండి ఆపకూడదు, ఆపితే వెనక వచ్చేవాడు గుద్దుతాడు. నెమ్మదిగా పోతూనే ఉండాలి. నేను అలాగే పోతున్నాను అనుకున్నాను. కానీ అది వేరే రకం పోవడం.

ఆవిడతో వద్దన్నది మర్యాదకే. ఒట్టు. కానీ ఆవిడ మళ్ళీ అడగనప్పుడు, కోటు బొత్తాలు పెట్టుకుంటూ, కాస్త హాయిగా కూడా అనిపించింది. రెండూ నిజమే. అలా ఎలా కుదురుతుందో ఆ పుస్తకాల్లో ఉందేమో, ఆ సంపుటం నా దగ్గర లేదు.

ఇప్పుడు అడిగితే బాగుండునని ఉంది. అంతే. కానీ నేనుగా అడగలేను అక్కా. ఫోన్ తీస్తే, నా చెయ్యి నా మాట వినదు.

ఓడ్విన్

*

బ్రూక్లిన్
మార్చి 5

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. సంతోషం. ఇక్కడ నాలుగు రోజులుగా వాన. కార్మైన్ బాగున్నాడు. నేనూ బాగున్నాను. కింద కొట్టులో వంకాయలు చాలా బాగున్నాయి.

ఇంక ఆ విషయం నేనేమీ ఎత్తను. పెద్దవాడివి, నీ ఇష్టం.

అక్క
బోర్గిల్డ్

*

స్వాన్ నారోస్
మార్చి 19

అక్కకి,

వంకాయలా?

యాభై ఏళ్ళలో నువ్వు నాకు రాసిన మొదటి మర్యాద ఉత్తరం అది. చదవగానే నువ్వేదో చేశావని తెలిసింది, ఏం చేశావో తెలీలేదు. నిన్న తెలిసింది.

ఆస్పత్రి నుంచి వాళ్ళే ఫోన్ చేసి, ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదు, వెంటనే రమ్మన్నారు. ఎల్డన్ తీసుకెళ్ళాడు. డాక్టర్ థిబొడో కుర్చీ నా ఎదురుగా లాక్కుని కూర్చుంది. ఇంతకుముందు నిలబడే మాట్లాడేది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఓడ్విన్ గారూ, కొత్త కవాటం వేయించుకుంటారా?"

"అయ్యో, నాకెందుకండీ. కుర్రవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి వేయండి."

తల పంకించింది. వెళ్ళిపోలేదు! "మీకు అవసరం. వేయించుకుంటారా?"

"ఇంతమందికి శ్రమ కదండీ."

అక్కా, ఆవిడ ఒళ్ళో వేళ్ళు మడుస్తోంది. రెండు మడిచింది. మూడో వేలు పట్టుకుని, చిన్నపిల్ల ఎక్కాలు అప్పజెబుతున్నట్టు మొహం పెట్టి, "వేయించుకుంటారా?" అంది.

"మరి, మీరెలాగూ తెప్పించి ఉంచితే, వృథాగా పోవడమెందుకు" అన్నాను.

"అంటే, సరేననేనా?"

"మరీ అంత కాదనలేను."

"సరేనా, కాదా?" పాపం, ఆవిడ కలం ఎత్తి పట్టుకునే ఉంది.

మూలన నిలబడ్డ నర్సు మన వైపు పిల్లే, ఐరన్ రేంజ్ దగ్గర పుట్టింది. "సరేననే అండీ. చాలా గట్టిగా సరేనన్నారు. రాసుకోండి" అంది.

డాక్టరు ఆ పిల్ల వైపు తిరిగింది. "నీకిది ముందే తెలుసా? నాలుగేళ్ళుగా నా పక్కనే ఉన్నావు, ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదండీ. పెద్దవాళ్ళ మధ్యలో దూరితే బాగుండదని."

ఆ తర్వాత జరిగిన అన్యాయం కూడా విను. ఆవిడకి మంత్రం దొరికింది కదా, ఇక ప్రతిదానికీ వాడింది. ఉప్పు లేని వంట నేర్పే తరగతికి వెళ్తారా అని అడిగింది. నేను వద్దన్నాను. నిజంగా, మనస్ఫూర్తిగా వద్దన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడిగితే నేనేం చేయను? మన కట్టుబాటులో నాలుగో వద్దు లేదు. ప్రతి గురువారం వెళ్ళాలి. ఉప్పు లేని చేప ఎలా ఉంటుందో నీకు తెలుసా? పుస్తకాల్లో చేప బొమ్మ నాకినట్టుంటుంది.

కవాటం ఆవుదట. ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో కుడతారు. నాన్న జీవితమంతా తెల్లారకుండా లేచి ఆవులకి సేవ చేశాడు, ఆ రుణం ఒక ఆవు తీరుస్తోందని కళ్ళు చెమర్చాయి. తర్వాత గుర్తొచ్చింది, పాలు పితకడం తప్పించుకోవడానికే నేను బండి తోలడం నేర్చుకున్నానని. ఆ సంగతి ఆవుకి తెలియకపోతే మేలు.

ఏప్రిల్ 7న వేస్తారు. నువ్వు రావద్దు. అంత దూరం ఎందుకు, శ్రమ.

ఇంతకీ ఆవిడకి ఫోన్ చేసింది నువ్వేనా?

ఓడ్విన్

*

బ్రూక్లిన్
మార్చి 26

ఓడ్విన్,

కాదు.

కాదు అన్నానుగా.

సరే, నేనే.

ఫోనెత్తిన అమ్మాయి, డాక్టరు గారు బిజీ అంది. నేను అరిచాను. బ్రూక్లిన్‌లో యాభై ఏళ్ళు అద్దె కట్టింది ఎందుకు మరి? డాక్టరు లైన్లోకి వచ్చి, మీ తమ్ముడి గురించి నేనేమీ చెప్పకూడదమ్మా, చట్టం ఒప్పుకోదు అంది. చెప్పొద్దు, వినండి, వినకూడదని చట్టం లేదుగా అన్నాను. నీ ఉత్తరాలు చదివి వినిపించాను. కుర్చీ, బూట్లు, మబ్బులు, వెల్లకిలా కూర్చోవడం. ఒక్కొక్కదానికీ "అయ్యో" అనేది. నీ భాషలోంచి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను అనుకో. తర్వాత కేకు సంగతి చెప్పాను. రైల్లో సీటు సంగతీ చెప్పాను.

అంతా విని ఆవిడ చిన్న గొంతుతో, "అక్కడ అందరూ ఇంతేనా?" అని అడిగింది.

మన ఊరు, పక్క ఊరు, కౌంటీ, ఆ పక్క కౌంటీ అని లెక్క చెప్పాను.

"నేనొచ్చి నాలుగేళ్ళయింది" అంది. తను ఎంతమందిని ఒక్కసారే అడిగి ఊరుకుందో ఆలోచిస్తోందని నాకప్పుడు అర్థమైంది. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. నేను వంకాయల గురించి రాసింది అందుకే. చేతికి ఇంకేమీ రాలేదు.

ఇప్పుడు విను. ఏడో తారీఖుకి నేను రానా? రానా? రానా?

అడగడం అయిపోయింది. టికెట్టు కొనేశాను. కార్మైన్ కూడా వస్తానంటున్నాడు. విమానంలో పోతానేమోనని ఇప్పటినుంచే అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాడు. పై గదిలో పక్క వేసి ఉంచమను ఎల్డన్‌ని. నువ్వు మెట్లెక్కకు.

బోర్గిల్డ్

*

స్వాన్ నారోస్
జూన్ 15

అక్కకి,

నువ్వూ కార్మైనూ వెళ్ళాక ఇల్లు బాగా చప్పబడింది, ఉప్పు లేని కూరలా. చర్చివాళ్ళు ఆయన గురించి ఇంకా అడుగుతున్నారు. కేకు మొదటిసారి పెట్టగానే తీసుకుని, రెండో ముక్క తనే అడిగిన మనిషిని వాళ్ళు ఎన్నడూ చూడలేదు. మార్డెల్ రెండు రోజులు తేరుకోలేదు. ఇప్పుడు ఆయన కోసమని ఒక కేకు ఫ్రిజ్‌లో గడ్డకట్టించి దాచింది.

ఆపరేషన్ రోజున నేనేమన్నానో నువ్వు ఊరంతా చెప్పావట. మత్తిచ్చే ముందు, భయంగా ఉందా అని నర్సు అడిగితే, "కాస్త ఉంది" అన్నానని. అది మత్తు మాట. ఇచ్చాకే అన్నాను.

నిన్న గుండె మళ్ళీ తెర మీద చూశారు. మొదట లోపలున్న రక్తంలో నూటికి ముప్పై అయిదు వంతులు నెట్టేదట, ఇప్పుడు యాభై అయిదు. బాగున్నవాళ్ళకి అరవై దాకా వస్తుందట, నూరు ఎవరికీ రాదట. దేవుడు మార్కులు వేయడంలో మన బడి టీచరు మిస్ గుండర్సన్ కంటే పిసినారి. డాక్టరు చాలా సంతోషపడింది. నేను కూడా, అయితే ఆ వైఫల్యం అన్న మాట కొట్టేస్తారా అని అడిగాను. ఆవిడ కాస్త ఇబ్బందిగా కదిలి, అది కొట్టేయరండీ, పేరు మారుతుంది అంది. ఇప్పుడు నాది, మెరుగుపడిన గుండె వైఫల్యం.

ఆ మాట చాలాసేపు ఇటూ అటూ తిప్పి చూశాను. దొంగతనం మానేసినవాణ్ణి మెరుగుపడిన దొంగ అని పిలిచినట్టుంది. వైద్యులు ఎంత చదివినా పేర్లు పెట్టే పని వాళ్ళకి ఇవ్వకూడదు, అది అమ్మమ్మలకి వదిలేయాలి. అయినా ఆలోచిస్తే, ఈ వయసులో మన వైపు మగవాళ్ళందరికీ అంతకంటే మంచి మాట కుదరదు. ఎల్డన్‌కి చెబితే, "బాగుంది, నా పెళ్ళాం కూడా నన్ను అంతదాకా ఎప్పుడూ పొగడలేదు" అన్నాడు.

వెయిటింగ్ హాలు చూస్తే నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. నిండా మనవాళ్ళే. చారల చొక్కాలు, ఒళ్ళో టోపీలు. ఎలా ఉన్నారంటే ఫరవాలేదంటున్నారు, పెదాలు నీలంగా ఉన్నాయి. డాక్టరు నాలుగేళ్ళలో వద్దన్నవాళ్ళందరికీ స్వయంగా ఫోన్లు చేస్తోందట. ఒక్కొక్కరిని మూడేసి సార్లు అడుగుతోందట. చాలామంది, మీరెలాగూ పిలిచారు గనక వస్తాం అన్నారట.

ఒకరింట్లో ఆయన భార్య ఫోనెత్తిందని చెప్పింది, పేరు చెప్పలేదు. "అయ్యో, ఆయన జనవరిలోనే పోయారండీ. మళ్ళీ అడిగారు, మీది మంచి మనసు" అందట ఆవిడ. ఇది చెబుతూ డాక్టరు నా కార్డు మీద ఏదో రాస్తున్నట్టు తల వంచుకుంది. అక్కడ రాయాల్సిందేమీ లేదు. ఫరవాలేదండీ అందామని నోటిదాకా వచ్చింది, మింగేశాను. "అది చాలా ఘోరం" అన్నాను. ఆ మాట నేను జీవితంలో మొదటిసారి వాడాననుకుంటాను. ఆవిడ తలెత్తి, థాంక్స్ అంది.

ఈ ఉదయం ఎల్డన్ వచ్చాడు. ఇద్దరం వాడి పడవని గరాజులోంచి మోసుకెళ్ళి నీళ్ళలో దించాం. ముందు వైపు నేను పట్టుకున్నాను. దారిలో ఆగలేదు. అడుగున ఒకచోట కారుతోంది, తారు పూయాలి.

ఓడ్విన్